అయిదు చిన్న శిక్షలు కలిసి పదేళ్లయ్యాయి: తమ్ముడి కోసం హైకోర్టు దాకా నా అనుభవం

మా తమ్ముడికి ఏ జడ్జీ పదేళ్ల శిక్ష వేయలేదు. అయిదు కేసుల్లో విడివిడిగా రెండేసి ఏళ్లు వేశారు. అన్నీ దొంగతనం కేసులే. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, కత్తి చూపించలేదు, వాడు దూరిన ఇళ్లలో ఆ సమయానికి మనుషులే లేరు. అయినా జైలు రికార్డులో వాడి విడుదల తేదీ 2031 మార్చి అని రాసి ఉంది. వాడు పట్టుబడింది 2021 మార్చిలో. ఆ పదేళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకోవడానికి, వాటిని తగ్గించుకోవడానికి మేం పడ్డ అవస్థ ఇక్కడ రాస్తున్నాను. మాలాంటి ఇళ్లు చాలా ఉన్నాయని ములాఖత్ వరుసలో నిలబడ్డప్పుడే తెలిసింది నాకు.

వాడు చేసింది తప్పే, అందులో రెండో మాట లేదు. 2018లో ఒక సెల్‌ఫోన్ దొంగతనం కేసులో ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. తర్వాత లారీ మీద క్లీనరుగా కుదిరి బాగానే ఉన్నాడు. 2020 లాక్‌డౌన్‌లో బళ్లు ఆగిపోయాయి. పని పోయింది, తాగుడు ఎక్కువైంది. ఆ ఏడాది చివర నుంచి తాళం వేసిన ఇళ్లు చూసుకుని పట్టపగలే దూరడం మొదలుపెట్టాడు. ఒక ఇంట్లో గ్యాస్ సిలిండరు, ఒక ఇంట్లో వెండి పట్టీలు, ఒకచోట నీళ్ల మోటారు, ఇంకోచోట రెండు ఫోన్లు, మరో ఇంట్లో ఇత్తడి సామాన్లు, కాస్త నగదు. ఛార్జిషీట్లు అయిదూ కలిపి చూసినా సొత్తు విలువ 60 వేల రూపాయల లోపే. పోగొట్టుకున్న వాళ్లకు మాత్రం అది చిన్న మొత్తం కాదు. పట్టీలు పోయిన ఇంటావిడ కూలికి వెళ్లే మనిషి. కూతురి కోసం కొన్నవట. కోర్టు వరండాలో ఆమెను చూశాను, పలకరించే ధైర్యం రాలేదు.

మొదట ఒక కేసులో అరెస్టు చేశారు. విచారణలో మిగతావీ బయటపడ్డాయి. ఇళ్లు వేర్వేరు స్టేషన్ల పరిధిలో ఉన్నాయి కాబట్టి దేనికది వేరే ఎఫ్ఐఆర్. వాడు రిమాండులో ఉండగానే మిగతా స్టేషన్ల వాళ్లు పీటీ వారెంట్ వేసి, జైలు నుంచి కోర్టుకు రప్పించి, తమ కేసుల్లో కూడా అరెస్టు చూపించారు. అలా మూడు కోర్టుల్లో అయిదు కేసులు తయారయ్యాయి. బయటికి రావాలంటే అయిదింటిలోనూ బెయిలు రావాలి, ప్రతిదానికీ ఇద్దరేసి జామీనుదారులు కావాలి. దొంగతనం కేసులో ఉన్నవాడికి జామీను నిలబడే వాళ్లు ఒక్కరు దొరకడమే కష్టం. మేం పదిమందిని ఎక్కణ్ణుంచి తెస్తాం?

జైల్లో ముందు నుంచీ ఉన్నవాళ్లు వాడికి ఒక సలహా ఇచ్చారు. "ఒప్పేసుకో, ఇప్పటిదాకా ఉన్న రోజులు లెక్కలో పోతాయి, తొందరగా బయటపడతావ్" అని. అయిదు కేసుల్లోనూ నేరం ఒప్పుకున్నాడు. 2021 సెప్టెంబరులో వరసగా తీర్పులు వచ్చాయి. ఇంట్లోకి చొరబడి దొంగతనం చేసినందుకు ఐపీసీ 454, 380 సెక్షన్ల కింద ఒక్కో కేసులో రెండేళ్ల జైలు, 1,000 రూపాయల జరిమానా, కట్టకపోతే ఇంకో నెల. రిమాండు కాలం మినహాయించాలని రాశారు. ఒక కేసులోని రెండు సెక్షన్ల శిక్షలూ ఏకకాలంలో అనుభవించాలని కూడా రాశారు. కానీ ఈ కేసు శిక్షకూ ఆ కేసు శిక్షకూ సంబంధం ఏమిటన్నది ఒక్క తీర్పులోనూ లేదు. వాడి తరఫున ఆ సంగతి అడిగిన మనిషీ లేడు. ప్రతి కోర్టూ తన ముందున్న ఫైలు వరకే చూసింది.

ఇంట్లో మేమంతా రెండేళ్లే అనుకున్నాం. రిమాండు పోను 2023 మొదట్లో వచ్చేస్తాడని అమ్మ లెక్కలు కట్టుకుంది. 2022 వేసవిలో ములాఖత్‌కి వెళ్తే వాడు, "అక్కా, నాకు 2031 దాకా ఉందంటున్నారు, ఒకసారి ఆఫీసులో అడుగు" అన్నాడు. పొరపాటున రాసి ఉంటారనుకున్నాను. జైలు ఆఫీసులో ఒక ఉద్యోగి ఓపిగ్గానే వారెంట్లన్నీ తీసి చూపించాడు. "ఇందులో కాంకరెంట్, అంటే శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలి, అని ఎక్కడా లేదమ్మా. కోర్టు చెప్పకపోతే ఒకటి పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టాలి. మా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. జరిమానాలు కట్టకపోతే అయిదు నెలలు దాని మీద కలుస్తాయని కూడా చెప్పాడు. రెమిషన్ రోజులు, అంటే మంచి నడవడికకు జైల్లో తగ్గించే రోజులు, కలిస్తే తేదీ కొంత ముందుకు జరగొచ్చు, అంతే.

అతను చెప్పింది నిజమే. కేసులు, శిక్షలు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 427వ సెక్షన్ అలాగే ఉంది. ఇప్పటికే శిక్ష అనుభవిస్తున్న మనిషికి మరో కేసులో శిక్ష పడితే, మొదటిది అయిపోయాకే రెండోది మొదలవుతుంది. రెండూ కలిపి నడవాలని కోర్టు ప్రత్యేకంగా ఆదేశిస్తేనే మినహాయింపు. ఆ సెక్షన్‌లోనే రెండో భాగం చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. యావజ్జీవ శిక్షలో ఉన్నవాడికి ఇంకో శిక్ష పడితే అది దానంతట అదే ఏకకాలంలో నడుస్తుంది, ఎవరూ అడగక్కర్లేదు. హత్య కేసులో జీవితఖైదు పడ్డవాడికి చట్టం ఇచ్చిన ఆ వెసులుబాటు గ్యాస్ సిలిండరు ఎత్తుకెళ్లిన వాడికి లేదు.

ఇంకో సంగతి కూడా తర్వాత మా లాయరు మేడమ్ చెబితే తెలిసింది. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఒక నేరానికి మూడేళ్లకు మించి జైలు వేయలేరు. ఒకే విచారణలో ఎన్ని నేరాలు రుజువైనా, ఒకదాని తర్వాత ఒకటి అనుభవించమన్నా, మొత్తం ఆ కోర్టు అధికారానికి రెట్టింపు దాటకూడదని అదే సీఆర్‌పీసీ 31వ సెక్షన్ చెబుతుంది. అంటే ఆరేళ్లు. వాడి కేసులన్నీ ఒకే విచారణలో నడిచి, ఎంత కఠినంగా శిక్షించినా ఆరేళ్లు దాటేది కాదు. విడివిడిగా నడిచాయి కాబట్టి పదేళ్లయింది. అవే నేరాలు, అదే మనిషి. కేసులు కలిపి నడిపారా, విడివిడిగా నడిపారా అన్న దాన్ని బట్టి నాలుగేళ్ల జీవితం అటూ ఇటూ అవుతోంది. నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచింది ఇదే.

తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పిన ఒక లాయరు దగ్గరికి వెళ్తే, అప్పీలు గడువు నెల రోజులు, అది ఎప్పుడో దాటిపోయింది, పైగా నేరం ఒప్పుకున్నాడు కాబట్టి దోషి కాదని వాదించే వీల్లేదు అన్నాడు. శిక్ష ఎక్కువైందని మాత్రం వాదించవచ్చట. అయిదు కేసులకు అయిదు అప్పీళ్లు, వాటితోపాటు ఆలస్యాన్ని మన్నించమని అయిదు పిటిషన్లు. ఆయన చెప్పిన ఫీజు మాకు అందేది కాదు. ఇంకో లాయరు సూటిగానే చెప్పేశాడు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఇళ్లలో జరిగిన దొంగతనాలకు ఏకకాలం ఇవ్వరు, ఆశ పెట్టుకోకండి అని. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకు ఏం చెప్పాలో తెలియక, ఫైలు ఇంకా చూస్తున్నారని చెప్పాను.

దారి జైలు లోపలి నుంచే దొరికింది. జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది. అక్కడ పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్న ఒక ఖైదీ తమ్ముడి వారెంట్లు చూసి, సుప్రీంకోర్టు ఇలాంటి కేసులో ఈమధ్యే తీర్పిచ్చిందని చెప్పాడట. అది ఇక్రమ్ అనే వ్యక్తి కేసు. ఉత్తరప్రదేశ్ హాపూర్‌లో కరెంటు శాఖ సామాన్ల దొంగతనం కింద తొమ్మిది కేసులు. అతనూ నేరం ఒప్పుకున్నాడు. ఒక్కో కేసులో రెండేళ్లు. ఏకకాలం అని లేకపోవడంతో జైలు లెక్కలో 18 ఏళ్లయ్యాయి. అలహాబాద్ హైకోర్టు జోక్యం చేసుకోనంది. 2022 డిసెంబరు 16న సుప్రీంకోర్టు శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని ఆదేశించింది. ఆ తీర్పు కాపీని ఫోన్‌లో చదువుతుంటే, మా ఇంటి సంగతే ఎవరో రాసినట్టనిపించింది.

అప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టాం. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. ఇది చాలామందికి తెలియదు, రేషన్ కార్డు ఉండాలేమో, ఆదాయ ధ్రువపత్రం కావాలేమో అనుకుని వెనక్కి తగ్గుతారు. దరఖాస్తు మీద తమ్ముడు జైల్లో సంతకం పెట్టాడు. అది హైకోర్టు న్యాయ సేవల కమిటీకి వెళ్లింది, అక్కణ్ణుంచి ఒక లాయరు మేడమ్‌ని ఇచ్చారు. వయసులో నాకన్నా చిన్న. ఫోన్‌లో మొదటిసారి మాట్లాడినప్పుడే, "అక్కా, నాకు ఏడుపు వద్దు, కాగితాలు కావాలి" అంది. కటువుగా అనిపించింది కానీ ఆ మాటే మమ్మల్ని నిలబెట్టింది.

కాగితాల కోసమే ఎక్కువ కాలం పోయింది. అయిదు తీర్పుల సర్టిఫైడ్ కాపీలు, అయిదు ఎఫ్ఐఆర్‌లు, ఛార్జిషీట్లు, జైలు నుంచి నామినల్ రోల్, అంటే ఖైదీ శిక్ష వివరాల పత్రం. జైలు శిక్ష పడ్డ ప్రతి ముద్దాయికీ తీర్పు కాపీ అప్పటికప్పుడే ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. వాడికి ఇచ్చారో లేదో, ఇస్తే బ్యారక్ మారినప్పుడు పోయాయో, వాడి దగ్గర మాత్రం ఒక్కటే మిగిలింది. మిగతావాటికి కాపీ అప్లికేషన్ పెట్టాలంటే కేసు నంబరు, సంవత్సరం తెలియాలి. వారెంట్ మీద ఉన్న నంబర్లలో ఒకటి తప్పుగా పడింది. ఆ నంబరుతో వెతికితే చెక్ బౌన్స్ కేసు ఒకటి వచ్చింది! ఎఫ్ఐఆర్ నంబరు పట్టుకుని, ఆన్‌లైన్‌లో ఈ-కోర్ట్స్ యాప్‌లో తమ్ముడి పేరు కొట్టి వెతికి, చివరికి అసలు నంబరు పట్టుకున్నాను. ఒక కోర్టులో ఫైలు రికార్డు రూముకి వెళ్లిపోయింది. కాపీ సెక్షన్ దగ్గర ఒకరు రేపు రమ్మంటారు, ఇంకొకరు అసలు ఇక్కడ కాదంటారు. పని మానుకుని వెళ్లిన రోజు కూలీ పోతుంది, కాపీ మాత్రం రాదు. ఇవన్నీ తిరగడానికి ఎవరూ లేని ఖైదీల సంగతి ఏమిటని అప్పుడే మొదటిసారి గట్టిగా ఆలోచించాను. ములాఖత్‌కి ఎవరూ రాని వాళ్లు లోపల ఎంతమందో ఉన్నారని తమ్ముడు చెప్పేవాడు.

హైకోర్టులో సీఆర్‌పీసీ 482వ సెక్షన్ కింద, అంటే న్యాయం కోసం హైకోర్టు తన సొంత అధికారాన్ని వాడమని, పిటిషన్ వేశారు. ప్రాసిక్యూషన్ వాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్లకు బలం ఇచ్చింది కూడా సుప్రీంకోర్టు తీర్పే. 2021 డిసెంబరులో ఒక హెరాయిన్ కేసులో, వేర్వేరు ఘటనలకు వేర్వేరు తీర్పులు వచ్చినప్పుడు మామూలుగా ఏకకాలం ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. నేర స్వభావాన్ని బట్టి కోర్టుకు విచక్షణ ఉంటుందని కూడా అదే తీర్పులో ఉంది. మా మేడమ్ ఆ రెండో భాగాన్నే పట్టుకుంది. ఇది మత్తుమందుల వ్యాపారం కాదు, ఎవరికీ గాయం కాలేదు, సొత్తులో చాలా భాగం రికవరీ అయింది, ఏ కోర్టూ పదేళ్లు వేయాలని అనుకోలేదు అని వాదించింది. అవతలి వైపు నుంచి ఒకటే మాట, వీడు అలవాటు పడ్డ నేరస్థుడు, బయటికి వస్తే మళ్లీ చేస్తాడు అని. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఇంగ్లీషులో సాగే వాదనలో నాకు అర్థమైంది సగమే, అయినా "హ్యాబిచువల్" అని వినబడ్డ ప్రతిసారీ ఒళ్లు జలదరించింది.

ఆ ముద్రకు పెద్ద చరిత్రే ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాల వాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు మన దగ్గర అలా పుట్టినవే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో రాష్ట్రాలు హ్యాబిచువల్ అఫెండర్స్ చట్టాలు చేసుకున్నాయి, మన ఆంధ్రప్రదేశ్‌ది 1962 నాటిది. కులం పేరు పోయి అలవాటు పేరు వచ్చింది, పోలీసు రిజిస్టర్లలో మాత్రం చాలాకాలం అవే కుటుంబాలు ఉన్నాయి. 2024 అక్టోబరు 3న జైళ్లలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు జైలు నియమావళుల్లోని ఈ వర్గీకరణను కూడా తప్పుపట్టింది. ములాఖత్ వరుసలో నాకు పరిచయమైన పెద్దావిడ అలాంటి కుటుంబం నుంచే వచ్చింది. ఆమె మనవడికీ మా వాడికీ కేసులు ఒకేలాంటివి. స్టేషన్లో ఏ దొంగతనం తేలకపోయినా ముందు వాళ్ల గుమ్మమే తొక్కుతారని చెప్పింది.

2023 అక్టోబరులో ఆర్డరు వచ్చింది. అయిదు కేసుల శిక్షలూ ఏకకాలంలో నడవాలి అన్నారు. కేసులన్నీ కొన్ని నెలల వ్యవధిలో జరిగినవనీ, ముద్దాయి అన్నిట్లో నేరం ఒప్పుకున్నాడనీ, మొత్తం శిక్ష నేరాలకు తగ్గట్టు లేదనీ రాశారు. జరిమానా కట్టకపోతే పడే శిక్షలు మాత్రం విడివిడిగానే అనుభవించాలన్నారు. ఏకకాలం అసలు శిక్షకే తప్ప జరిమానా బదులు పడే జైలుకు వర్తించదని 2013లోనే ఒక చెక్కుల కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉందట. కాబట్టి అయిదు వేలు కట్టాల్సిందే. పేద ఖైదీల జరిమానాల కోసం కేంద్రం 2023లో పథకం పెట్టింది, శిక్ష పడ్డవాళ్లకు 25 వేల దాకా ఇస్తారు. దరఖాస్తు పెట్టాం కానీ అది కదిలేదాకా ఆగే ఓపిక లేక చేబదులు తెచ్చి కట్టేశాం. మూడు కోర్టుల్లో రసీదులు తీసుకుని, ఆర్డరు కాపీతో కలిపి జైల్లో ఇచ్చాం.

లెక్క మళ్లీ వేస్తే తేలింది ఏమిటంటే, ఆ ఏడాది వేసవి నాటికే వాడి శిక్షలన్నీ పూర్తయిపోయాయి. ఆ తర్వాత లోపల ఉన్న నెలలు ఏ లెక్కలోకీ రావు. వాటికి ఎవరూ జవాబుదారీ కాదు, పరిహారం అడిగే దారి కూడా ఎవరూ చూపించలేదు. అయినా 2031 ఎక్కడ, 2023 ఎక్కడ! వాడు గేటు బయటికి వస్తుంటే అమ్మ ఏమీ మాట్లాడలేదు, వాడి చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా వదల్లేదు.

ఇది మా అదృష్టం. చట్టం మారలేదు. విచక్షణ ఉన్న జడ్జి, పట్టుదల ఉన్న లాయరు, తిరగగలిగే అక్క, తీర్పు సంగతి తెలిసిన తోటి ఖైదీ, వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా వాడు ఇంకా లోపలే ఉండేవాడు. అందుకే కొత్త చట్టాలు వచ్చాయంటే ఆశగా తెరిచి చూశాను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన వాటిలో మంచీ ఉంది, చెడ్డా ఉంది. ఏడాదిలో జరిగిన ఒకే తరహా నేరాలను ఇదివరకు మూడింటి వరకే కలిపి విచారించేవారు, ఇప్పుడు అయిదింటి దాకా కలపవచ్చు. ఇది నిజంగా మేలు చేసే మార్పు, లాయర్లు గట్టిగా వాడుకోవాలి. అయిదు వేల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టవచ్చు. అది కూడా మంచిదే. కానీ రెండోసారి దొంగతనం రుజువైతే కనీసం ఏడాది కఠిన జైలు తప్పదని భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో చేర్చారు. పాత ఐపీసీలో మామూలు దొంగతనానికి ఈ కనీస శిక్ష లేదు. రెండోసారి ఎత్తుకెళ్లింది వంద రూపాయల వస్తువైనా, జడ్జికి ఏడాది కన్నా తక్కువ వేయాలనిపించినా, చట్టం ఒప్పుకోదు. సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో పాత 427 కాస్తా 467గా దాదాపు అలాగే వచ్చి కూర్చుంది. అందులోనే 479వ సెక్షన్ అయితే ఇంకా బాధగా ఉంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం రిమాండులో గడిపిన వాళ్లను, మొదటిసారి వాళ్లయితే మూడో వంతుకే వదలాలని ఒక పక్క చెబుతూ, ఒకటి కన్నా ఎక్కువ కేసులు పెండింగులో ఉంటే మాత్రం ఆ దారిన బెయిలు ఇవ్వకూడదని మూసేశారు. చిన్న దొంగల్లో ఒక్క కేసుతో ఉండేవాళ్లు ఎందరు?

మా మేడమ్ ఒకసారి అమెరికాలో కాలిఫోర్నియా సంగతి చెప్పింది. అక్కడ 1994లో మూడోసారి ఫెలనీ (అక్కడి చట్టంలో పెద్ద నేరం) అంటే చాలు, ముందు రెండూ తీవ్రమైనవైతే, మూడోది ఏదైనా సరే 25 ఏళ్ల నుంచి యావజ్జీవం అని చట్టం తెచ్చారు. ఒక్కోటి 399 డాలర్ల గోల్ఫ్ క్లబ్బులు మూడు దొంగిలించిన గ్యారీ ఈవింగ్ అనే అతనికి అదే శిక్ష పడింది. 2003లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురు తేడాతో దాన్ని సమర్థించింది. 2012లో ప్రజలే ఓటు వేసి, దాదాపు 69 శాతం మంది, మూడో నేరం కూడా తీవ్రమైనదో హింసతో కూడినదో అయితేనే ఆ శిక్ష అని మార్చారు, కొన్ని మినహాయింపులతో. నాకు బాగా నచ్చింది దాని రెండో భాగం. అప్పటికే లోపల ఉన్నవాళ్లు తమ శిక్ష మళ్లీ చూడమని అడిగే హక్కు ఇచ్చారు, బయటికి వస్తే జనానికి ప్రమాదమని జడ్జి తేలిస్తే తప్ప తగ్గించాల్సిందే. అదే రాష్ట్రం 2024లో మళ్లీ చిల్లర దొంగతనాల మీద శిక్షలు పెంచుతూ ఓటు వేసింది. షాపుల్లో దొంగతనాలు పెరిగాయన్న కోపం అక్కడ గట్టిగా పనిచేసింది. ఆ కోపాన్ని నేను కాదనను, పట్టీలు పోయిన ఇంటావిడను చూశాను కదా. కానీ ఆమె పట్టీలు సాక్ష్యం కింద కోర్టు కస్టడీలో చాన్నాళ్లు ఉండిపోయాయి. వాటిని విడిపించుకోవడానికి ఆమె తిరగాల్సి వచ్చిన తిరుగుడు, వాడికి పదేళ్లు పడ్డందువల్ల ఒక్క రోజు కూడా తగ్గలేదు.

నేను, మేడమ్, ములాఖత్‌లో పరిచయమైన ఇంకో రెండు కుటుంబాలు కలిసి రాష్ట్ర న్యాయశాఖకూ కేంద్ర న్యాయశాఖకూ వినతిపత్రం పంపాం. హింస లేని ఆస్తి నేరాల్లో శిక్షలు ఏకకాలంలో నడవడమే మామూలు పద్ధతి కావాలి, వేరుగా నడవాలంటే జడ్జి కారణం రాయాలి. ఒకే విచారణలో ఉన్న రెట్టింపు పరిమితి విడి కేసుల మొత్తానికీ వర్తించాలి. ఇప్పటికే లోపల ఉన్నవాళ్లు హైకోర్టు దాకా పోకుండా జిల్లా జడ్జి దగ్గరే శిక్షను మళ్లీ చూడమని అడగగలగాలి. రెండో దొంగతనానికి కనీస శిక్ష తీసేయాలి, తాగుడు మూలంగా నేరాల్లో పడ్డవాళ్లను చికిత్సకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు స్పష్టంగా ఉండాలి. తమ్ముడికి జైల్లో ఉన్నన్నాళ్లూ తాగుడు మాన్పించే వైద్యం ఒక్కసారీ అందలేదు. బయటికి వచ్చాక మేమే డీ అడిక్షన్ సెంటర్లో చేర్చాం. ఇప్పుడు వెల్డింగ్ షాపులో పనిచేస్తున్నాడు. స్టేషన్లో వాడి పేరు మీద సస్పెక్ట్ షీట్ ఉంది, చుట్టుపక్కల ఏ ఇంటి తాళం పగిలినా వచ్చి అడుగుతారు. వినతిపత్రం అందిందని ఒక జవాబు వచ్చింది, అంతకుమించి ఇంకా ఏమీ లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా చాలా కేసుల్లో ఇరుక్కుని ఉంటే, శిక్ష పడే రోజునే అక్కడ ఉండండి. మిగతా కేసుల వివరాలు ఒక కాగితం మీద రాసి, శిక్షలు ఏకకాలంలో నడవాలని లాయరుతో మెమో వేయించండి. తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే, అడిగి తీసుకోండి. తర్వాత మొదటి ములాఖత్‌లోనే జైలు ఆఫీసులో విడుదల తేదీ ఎంత వేశారో కనుక్కోండి, అది మీ లెక్కతో కలవకపోతే అప్పీలు గడువు నెల రోజులే అని గుర్తుపెట్టుకోండి. గడువు దాటినా లీగల్ ఎయిడ్‌కి రాయవచ్చు. ఖైదీ స్వయంగా జైలు క్లినిక్‌లో దరఖాస్తు ఇవ్వవచ్చు, బయట ఉన్నవాళ్లు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, కాల్ ఉచితం.